వేలు ఆనీ ఆనకముందే ఫోనుకెలా తెలుస్తుంది?

ప్రశ్న: పాత ఏటీఎం తెరను గట్టిగా నొక్కితే గాని పలికేది కాదు. మా ఫోను మాత్రం వేలు ఆనీ ఆనకముందే స్పందిస్తుంది. అదే గోటితో ఎంత పొడిచినా కదలదు. అంత తేలికైన స్పర్శ దానికెలా తెలుస్తోంది?

జవాబు: మీరు చెప్పిన గోటి సంగతిలోనే సగం జవాబు ఉంది. ఫోను తెర కొలిచేది ఒత్తిడిని కాదు, విద్యుత్తులో వచ్చే మార్పును. గాజు కింద ఇండియం టిన్ ఆక్సైడ్ వంటి పారదర్శక వాహకంతో అడ్డంగా, నిలువుగా సన్నని గీతలు పరచి ఉంటాయి. వాటి మధ్య ఏర్పడిన విద్యుత్ క్షేత్రంలోకి, ఉప్పునీటితో నిండి విద్యుత్తును ప్రసరింపజేసే మన వేలు చేరగానే, ఆ గీతలు కలిసే చోట కెపాసిటెన్సు (విద్యుదావేశాన్ని నిల్వ ఉంచుకునే సామర్థ్యం) పికోఫారడ్‌లో ఒక చిన్న భాగమంత మారుతుంది. పికోఫారడ్ అంటే, కెపాసిటెన్సును కొలిచే ప్రమాణమైన ఫారడ్‌లో లక్ష కోట్లవ వంతు! గీతలన్నింటినీ సెకనుకు 60 సార్లో, అంతకు మించో పరిశీలించే చిప్ ఆ మార్పును పట్టేస్తుంది. గోరు విద్యుత్తును సరిగా ప్రసరింపజేయని కెరటిన్ అనే ప్రోటీన్ కనుక తెర దాన్ని గుర్తించదు. అంట్లు తోముతూ తడిచేత్తో ఫోను ఎత్తబోతే తెర తికమకపడేది కూడా నీటిబొట్లు ఆ క్షేత్రాన్ని కదిలించడం వల్లనే.

పాత ఏటీఎంలలో చాలావాటికి రెండు పలుచని వాహక పొరలు ఒకదానికొకటి తగిలేదాకా నొక్కాలి; వేలైనా, పెన్ను మూతైనా వాటికి ఒకటే. అలాగని ఫోను పద్ధతి మొన్నటిది కాదు. ఇంగ్లండులోని మాల్వెర్న్ రాడార్ పరిశోధన సంస్థలో ఇ.ఎ. జాన్సన్ 1965లోనే దీన్ని వివరించారు. ఆయన దృష్టిలో ఉన్నది విమానాల రాకపోకల నియంత్రణ.