గ్రీన్ టీ తాగితే షుగర్ మాత్రలు మానేయవచ్చా?

మీ అమ్మగారికి షుగర్ ఉందని, రోజూ గ్రీన్ టీ తాగితే మాత్రలు అక్కర్లేదని పక్కింటివారు చెప్పారని రాశారు. దయచేసి మాత్రలు మాన్పించకండి. ఒకసారి మానేసి చూసినవాణ్ణి కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది పర్లాకిమిడి. బజారులో బట్టల కొట్టు. పాతపట్నం నుంచి బేరానికి వచ్చినవారు కూర్చుంటే టీ తెప్పించక తప్పదు, వాళ్లతో పాటు నేనూ తాగుతాను. రోజుకు ఐదు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల పంచదార. మూడేళ్ల క్రితం అవన్నీ ఆపి, పంచదార లేని గ్రీన్ టీ మొదలుపెట్టాను. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) 8.4 నుంచి 7.5కు దిగింది. ఆ సంబరంలో నా షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపేశాను. నెల తిరగకుండానే పరగడుపు షుగర్ 210!

బరంపురంలో డాక్టరుగారు అంతా విని ఒకటే అడిగారు: "ఇంతకుముందు టీలో పంచదార ఎంత వేసుకునేవారు?" లెక్క వేస్తే రోజుకు పది చెంచాలు, సుమారు 40 గ్రాములు. షుగర్ దిగడానికి ముఖ్య కారణం అది మానేయడమేనన్నారు.

ఆకులో గుణం లేదనను. జపాన్‌లో 17 వేల మందికి పైగా గమనించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు ఆరు కప్పులు, అంతకు మించి తాగేవారికి మధుమేహం వచ్చే అవకాశం మూడో వంతు తక్కువగా కనిపించింది. కానీ అది ఇంకా షుగర్ రానివారి సంగతి. వాళ్ల తిండీ నడకా కూడా వేరు కావచ్చు. 27 ప్రయోగాలను కలిపి చూసిన 2020 నాటి విశ్లేషణలో పరగడుపు షుగర్ తగ్గింది సగటున ఒకటిన్నర మిల్లీగ్రాములే, హెచ్‌బీఏ1సీలో చెప్పుకోదగ్గ మార్పే లేదు. 210 ఉన్నవాడికి ఆ ఒకటిన్నర ఏ మూలకు?

అమ్మగారికి ఇష్టమైతే రెండు మూడు కప్పులు తాగనివ్వండి. తేనె మాత్రం వద్దు. మా అత్తయ్య తేనె మంచిదేనని చెంచాడు కలుపుకునేవారు, అదీ చక్కెరే. రక్తం తక్కువై ఐరన్ మాత్రలు వేసుకుంటుంటే వాటికీ టీకీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి, లేకపోతే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. గ్రీన్ టీ సారమంటూ అమ్మే క్యాప్సూళ్ల జోలికి అసలు వెళ్లకండి, వాటితో కాలేయం దెబ్బతిన్నవారు ఉన్నారు.

ఆ చేదు ఆమెకు నచ్చకపోతే పంచదార లేని పాల టీ అయినా ఫరవాలేదు. ముందు ఒక వారం పాటు రోజుకు ఎన్ని టీలు, ఎన్ని చెంచాలు అని రాసిపెట్టి, ఆ కాగితం డాక్టరుగారికి చూపించండి.