వ్యాన్‌లో ఇండక్షన్ పెడితే ఎంసీబీ పడిపోతోంది

ప్రశ్న: మాది రాయగడ. పాత వ్యాన్‌ని ఇల్లులా మార్చుకుని కోరాపుట్, దేవమాలి కొండ వైపు తిరుగుతుంటాం. లాడ్జీ దగ్గర వైరు లాగి కరెంటు తీసుకుంటే, ఇండక్షన్ స్టవ్, కెటిల్ రెండూ వేసిన కాసేపటికే వ్యాన్‌లో ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే దానంతటదే ఆపేసే స్విచ్) పడిపోతోంది. 10 ఆంప్స్‌ది తీసేసి 32 వేయించమంటారా?

జవాబు: వద్దండీ బాబూ! ఎంసీబీ ఉన్నది వైరు కాలిపోకుండా, అది పడిపోతోందంటే దాని పని అది చేస్తున్నట్టే. 2000 వాట్ల ఇండక్షన్‌ని 230 వోల్టులతో భాగిస్తే 8.7 ఆంప్స్, 1500 వాట్ల కెటిల్‌కి 6.5, కలిపితే 15 దాటింది కదా, మరి 10 ఎలా ఆగుతుంది? ముందు టీ కాచుకుని తర్వాత అన్నం వండుకోండి, పైసా ఖర్చు లేదు. రెండూ ఒకేసారి కావాలంటే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో రెండు వేరే లైన్లు లాగించి, ఒక్కోదానికి 16 ఆంప్స్ ఎంసీబీ పెట్టించండి.

అప్పుడు కూడా లాడ్జీ వాళ్ల చిన్న సాకెట్‌లో పెట్టకండి, అది 6 ఆంప్స్‌దే, అంటే 1380 వాట్లు, మీ కెటిల్ ఒక్కటే దాన్ని దాటేస్తుంది. పెద్ద పిన్నులది అడగండి. మీ ప్లగ్గు ఒకసారి తిప్పి చూడండి, పిన్నుల మొదట్లో ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగిందా? తిరిగితే ఈరోజే మార్చేయండి. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్టగా ఉంచి వాడితే వేడెక్కుతుంది, మొత్తం విప్పాలి. ఎర్తింగ్, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) మాత్రం తప్పనిసరి, వ్యాన్ బాడీ ఇనుము కదా.