బెంగ అనుకున్నాం

పదేళ్లు పెంచిన కుక్క పోయి నెలైనా ఏడుపు ఆగడం లేదు, ఇది మామూలేనా అని అడిగారు. మామూలే. మా రాకీ పోయి మూడేళ్లు. ఇప్పటికీ ఇడ్లీ తింటే నా పళ్లెంలో ఆఖరి ముక్క మిగిలిపోతుంది. మా ఆవిడ ఏమీ అనకుండా తీసేస్తుంది. కానీ చివర్లో ఒక మాట రాశారు చూడండి, రెండో కుక్క కూడా బెంగతో తినడం లేదని. నాకు భయమేసింది అక్కడే.

మా అమ్మాయి ఇంటర్‌కని హాస్టల్‌కి వెళ్లిన వారానికి రాకీ అన్నం మానేశాడు. గుమ్మం దగ్గరే పడుకునేవాడు. పిల్ల మీద బెంగ పెట్టుకున్నాడని అందరం తేల్చేశాం. వీడియో కాల్‌లో దాని గొంతు వినిపించాం. పెరుగన్నం చేత్తో తినిపించబోయాం. ఆరో రోజు పొద్దున గచ్చు మీద రక్తపు చుక్కలు. ముక్కులోంచి కారుతోంది. చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. డాక్టరు గారు చెవి మడత ఎత్తి చూపించారు, ఆముదం గింజల్లా గోమార్లు. టిక్ ఫీవర్, అంటే గోమార్లు కుట్టడం వల్ల వచ్చే జ్వరం. రెండు లక్షలకు తగ్గకూడని ప్లేట్‌లెట్లు 18 వేలకు పడిపోయాయి. ముందే తెస్తే డాక్సీసైక్లిన్ మాత్రలతో తగ్గేదన్నారు. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. మూడో రోజు తెల్లవారుజామున పోయాడు.

బెజవాడలో ఫ్లాటు మాది, పూడ్చడానికి మూరెడు నేల లేదు. తెనాలి దగ్గర మా బావమరిది పొలానికి తీసుకెళ్దామంటే ముగ్గురు ఆటోవాళ్లు కాదన్నారు. లిఫ్ట్ దగ్గర ఒకాయన "జాతి కుక్కేనా, ఎంతకి కొన్నారు?" అన్నాడు. ఈ ఎండల్లో మంచు దేశాల హస్కీ కుక్కలను కొని ఏసీ గదిలో పడేసే జనానికి తెలిసిన లెక్క అదే! కుక్క లేకుండా స్వర్గం వద్దన్న ధర్మరాజు కథ పిల్లలకు చెప్పే మా పెద్దమ్మ కూడా "కుక్కే కదరా, ఇంకోటి తెచ్చుకో" అంది. నాలుగో ఆటో అతను దుప్పటి మూట చూసి "పేరేంటి సార్?" అన్నాడు. మళ్లీ తెనాలి దాకా ఏమీ మాట్లాడలేదు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది నాకు. గోతిలో ఉప్పూ పసుపూ మా బావమరిదే చల్లాడు.

గొలుసు, గిన్నె అటక మీద పడేస్తే మర్చిపోతారని మీకూ చెబుతారు. వినకండి. మా గొలుసు ఇంకా తలుపు పక్క మేకుకే ఉంది, ఎవరికీ అడ్డం రావడం లేదు. నేను చేసిన తప్పు వేరు. పరీక్షలని మా అమ్మాయికి రెండు నెలలు చెప్పలేదు. తెలిశాక, తను వెళ్లిపోవడం వల్లే పోయాడని పట్టుకు కూర్చుంది. రక్తపరీక్ష కాగితం చేతిలో పెడితేగానీ నమ్మలేదు.

అందుకే ఈ రాత్రి మీ రెండోదాని చెవుల వెనక, కాలివేళ్ల మధ్య వెతకండి. పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూడండి. ఏమీ కనిపించకపోయినా రేపు రక్తపరీక్ష చేయించండి. బెంగో కాదో తర్వాత చూసుకోవచ్చు.