ఆఫ్రికా జంతు సంక్షేమ వ్యూహం అమలైందా లేదా చూడటం... మా అమ్మాయికి ఇది ఉద్యోగమేనా?

ప్రశ్న: నేను చాలా ఏళ్లుగా నైరోబీలో అకౌంటెంట్‌గా చేస్తున్నాను. మా అమ్మాయి తిరుపతిలో బీవీఎస్సీ చదివి, ఇంటర్న్‌షిప్ కూడా పూర్తిచేసి మా దగ్గరికి వచ్చింది. ఇక్కడ ఒక చిన్న కన్సల్టెన్సీ వాళ్లు రిసెర్చ్ అసిస్టెంట్‌గా ఆరు నెలల కాంట్రాక్టు ఇస్తామంటున్నారు. ఆఫ్రికా ఖండం మొత్తానికి కలిపి రాసుకున్న జంతు సంక్షేమ వ్యూహం కెన్యా, టాంజానియాల్లో ఎంతవరకు అమలైందో చూసి రిపోర్టు రాయడమట. తను ఎగిరి గంతేస్తోంది. నాకేమో ఊరెళ్లి వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టుకి ప్రిపేర్ అయితే బాగుంటుందని ఉంది. అసలు ఇదొక ఉద్యోగమేనా సార్? దీని మీద బతకగలదా?

జవాబు: సార్, ఆరు నెలలే కాబట్టి వెళ్లనివ్వండి. కానీ తను అనుకుంటున్న కారణానికి మాత్రం కాదు. జంతువుల మీద ప్రేమ ఉంది కాబట్టి ఈ పని నాకు సూటవుతుంది అనుకునే పిల్లలు నాకు చాలామంది రాస్తుంటారు, వాళ్లలో ఎక్కువమందికి ఈ పని మూడో నెలకే విసుగొస్తుంది. ఎందుకంటే ఇది జంతువులతో చేసే పని కంటే కాగితాలతో, అధికారులతో, అంకెలతో చేసే పని. ఒకరకంగా మీ ఆడిటింగ్‌కి దగ్గర.

ముందు ఆ వ్యూహం ఏమిటో చెప్తాను, మీ ఇద్దరూ ఒకే విషయం గురించి వాదించుకుంటున్నారో లేదో తేలుతుంది. ఆఫ్రికన్ యూనియన్‌కి జంతు వనరుల విభాగం ఒకటుంది, ఏయూ-ఐబార్ అంటారు. ఆఫీసు మీ నైరోబీలోనే. 1951లో పశువుల రిండర్‌పెస్ట్ వ్యాధి మీద పోరాడటానికి పుట్టిన సంస్థ అది, ఆ వ్యాధి 2011లో ప్రపంచంలోనే లేకుండా పోయింది. ఆ సంస్థ చేతి మీదుగా 2017లో ఆఫ్రికా జంతు సంక్షేమ వ్యూహం వచ్చింది. జంతువులకు నొప్పి, భయం తెలుస్తాయని ఒప్పుకుంటూ, మంచి సంక్షేమ పద్ధతుల్లో ఆఫ్రికా ముందు వరసలో ఉండాలని 2025ని గురిగా పెట్టుకున్నారు. ఆ ఏడాది వచ్చేసింది కాబట్టి ఎంతవరకు జరిగిందో లెక్క చెప్పమని అడిగేవాళ్లు ఉంటారు, ఇలాంటి కాంట్రాక్టులు పుట్టేది అందుకే. ఇక్కడ మెలిక ఏమిటంటే ఇది చట్టం కాదు. ఆఫ్రికన్ యూనియన్‌లో 55 సభ్య దేశాలున్నాయి, ఎవరి చట్టం వాళ్లు చేసుకోవాలి, ఎవరి డబ్బు వాళ్లు పెట్టుకోవాలి, చేయకపోతే అడిగే పోలీసు లేడు. మరి అలాంటప్పుడు అమలైంది అని దేన్ని చూసి చెప్పాలి? మీ అమ్మాయికి జీతం ఇచ్చేది ఈ ప్రశ్నకు జవాబు వెతకమనే.

సాధారణంగా పని ఎలా మొదలవుతుందంటే, ప్రతి దేశంలో పశువైద్య శాఖలో ఈ విషయం చూసే అధికారికి ఒక ప్రశ్నాపత్రం పంపిస్తారు. మీ దేశంలో జంతు సంక్షేమ చట్టం ఉందా? కెన్యాకి ఉంది, జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, చట్టాల పుస్తకంలో 360వ అధ్యాయం. టాంజానియాకి 2008 నాటి జంతు సంక్షేమ చట్టం ఉంది. టిక్కు, టిక్కు. బద్ధకస్తుడైన కన్సల్టెంట్ రెండు దేశాలకూ ఫుల్ మార్కులు వేసి రంగుల మ్యాపులో ఆకుపచ్చ పూసేసి వెళ్లిపోతాడు. చట్టం పుస్తకంలో ఉండటం వేరు, మార్కెట్లో ఉండటం వేరు అని మన దేశం వాళ్లకు ఒకరు చెప్పాలా? మన 1960 నాటి చట్టంలో మొదటిసారి క్రూరత్వానికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు, టీ, సమోసా డబ్బులు.

కాబట్టి అసలు పని టిక్కు తర్వాత మొదలవుతుంది. ఆ చట్టాన్ని చూసేందుకు ఇన్‌స్పెక్టర్లు ఎంతమంది, వాళ్లకు బండి ఉందా, డీజిల్ ఉందా, గత ఏడాది ఎన్ని కేసులు పెట్టారు, శాఖ బడ్జెట్‌లో సంక్షేమం అనే పద్దు అసలుందా లేక వ్యాక్సిన్ల పద్దులో కలిపేశారా. ఈ చివరి దాంట్లో మీరు మీ అమ్మాయికి నేరుగా సాయం చేయగలరు సార్. ప్రభుత్వ బడ్జెట్ పుస్తకం చదివి ఏ పద్దులో ఏం దాగుందో పట్టుకోగల పశువైద్యులు ఎంతమంది ఉంటారంటారు? కేటాయించింది ఎంత, విడుదల చేసింది ఎంత, ఖర్చయింది ఎంత, ఈ మూడు నిలువు వరసలు ఆమెకు ఒక ఆదివారం కూర్చోబెట్టి నేర్పండి.

ఇంకో సగం ఫీల్డులో ఉంటుంది. పశువుల సంత దగ్గర లారీ ఆగుతుంది. దింపడానికి ర్యాంపు ఉందా, లేక వెనక తలుపు తీసి తోసేస్తున్నారా? వంద పశువులు దిగితే ఎన్ని జారాయి, ఎన్ని మోకాళ్ల మీద పడ్డాయి, ఎన్నింటికి తోక మెలేశారు, కర్రతో ఎన్నిసార్లు కొట్టారు, నీళ్ల తొట్టి ఉందా, ఉంటే అందులో నీళ్లున్నాయా. గాడిదలైతే పట్టెడ కింద, జీను కింద పుండ్లున్నాయా, ఒంటి మీద కండ ఎంతుందో ఒకటి నుంచి ఐదు వరకు స్కోరు. దీన్ని ఒక మనిషి చూసి రాసినా ఇంకో మనిషి చూసి రాసినా దాదాపు ఒకే అంకె రావాలి, అందుకే ముందు శిక్షణ ఇస్తారు. తిరుపతిలో చదివిన ఐదున్నరేళ్లు ఉపయోగపడేది ఇక్కడే. సోషల్ వర్క్ చదివినవాళ్లు కుంటుతున్న గాడిదను చూసి జాలిపడతారు, మీ అమ్మాయి మాత్రం అది గిట్టల వల్లా, కీళ్ల వల్లా, మోత వల్లా అని చెప్పగలదు. రిపోర్టులో ఆ తేడా తెలుస్తుంది.

గాడిదల మాట వచ్చింది కాబట్టి, కెన్యాలో ఉంటూ ఈ కథ తెలియకపోతే ఆమె ఇంటర్వ్యూకి వెళ్లకపోవడమే మంచిది. గాడిద చర్మం నుంచి తీసే జిగురుతో చైనాలో ఎజియావో అనే సంప్రదాయ ఔషధం చేస్తారు. ఆ గిరాకీ కోసం 2016 నుంచి కెన్యాలో గాడిదల కబేళాలకు లైసెన్సులిచ్చారు, మొత్తం నాలుగు నడిచాయి, ఒక్క 2016-2018 మధ్యే సుమారు 3 లక్షల గాడిదలు పోయాయని ప్రభుత్వ పరిశోధన సంస్థే లెక్క తేల్చింది. గాడిద ఏడాది మోసి ఒకే పిల్లను కంటుంది, ఆ వేగానికి ఈ వేగం ఎలా సరిపోతుంది? దొంగతనాలు పెరిగాయి, నీళ్లు మోసుకునే ఆడవాళ్లకు గాడిద పోతే ఆ బరువు వాళ్ల వీపు మీదికే వచ్చింది. 2020లో ప్రభుత్వం వధను నిషేధించింది, 2021లో హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. చివరికి 2024 ఫిబ్రవరిలో అడిస్ అబాబాలో ఆఫ్రికా దేశాధినేతలే ఖండమంతటా చర్మాల కోసం గాడిదల వధను 15 ఏళ్లపాటు ఆపాలని ఒప్పుకున్నారు.

ఇప్పుడు మీ అమ్మాయిని అడగండి: ఇది వ్యూహం సాధించిన విజయమని రాస్తావా? తొందరపడి అవును అంటే కాస్త ఆలోచించమనండి. ఆ ఒప్పందానికి 2017 కాగితం ఎంత కారణం, గాడిదలు పోగొట్టుకున్న ఊళ్ల గోల ఎంత కారణం, స్వచ్ఛంద సంస్థల ప్రచారం ఎంత కారణం? ఒప్పుకున్నాక ఎన్ని దేశాలు సొంత చట్టంలోకి తెచ్చుకున్నాయి? చర్మాలు ఇప్పుడు దొంగదారిన వెళ్తున్నాయా? వీటన్నిటినీ విడదీసి, ఏది తెలుసో ఏది తెలియదో రాయగలిగితే ఆమె ఈ పనికి పనికొస్తుంది. (మన దగ్గర గుంటూరు, ప్రకాశం, గోదావరి జిల్లాల్లో గాడిద మాంసం అమ్మకాల గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. 2012లో దేశంలో సుమారు 3.2 లక్షలున్న గాడిదలు 2019 పశుగణనకు 1.2 లక్షలకు పడిపోయాయి. అంటే ఈ అనుభవం రేపు ఇక్కడ కూడా అక్కరకొస్తుంది.)

నమూనా కావాలంటే యూరప్ వైపు చూడమనండి. అక్కడ జంతు సంక్షేమ వ్యూహం 2012-2015 కాలానికి రాసుకున్నారు, 2018లో యూరోపియన్ ఆడిటర్ల కోర్టు (పేరుకే కోర్టు, చేసేది యూరోపియన్ యూనియన్ లెక్కల తనిఖీ) ఐదు దేశాలు తిరిగి రిపోర్టు ఇచ్చింది. పందిపిల్లల తోకలు మామూలుగా కత్తిరించకూడదని ఎప్పటినుంచో నిబంధన ఉన్నా చాలా దేశాల్లో కత్తిరింపు మామూలుగానే సాగుతోందని అందులో ఉంది. అంత డబ్బు, అంతమంది ఇన్‌స్పెక్టర్లు ఉన్న చోటే పరిస్థితి ఇది. ఈ రిపోర్టు ఉచితంగా దొరుకుతుంది, ఆధారం లేని ఒక్క వాక్యం కూడా ఎలా రాయకుండా ఉంటారో చూసి నేర్చుకోవాలి.

ఇక డబ్బు సంగతి, మీరు అడిగింది అదేగా. దాచకుండా చెప్తున్నా. ఆఫ్రికన్ యూనియన్ రెగ్యులర్ పోస్టులు సభ్య దేశాల పౌరులకే, భారత పాస్‌పోర్టు ఉన్నంతకాలం ఏయూ-ఐబార్‌లో పర్మినెంట్ అవుతానని ఆమె కలలు కనకూడదు. మిగిలినవి: పశువులు, గాడిదల మీద పనిచేసే అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థలు, పారిస్‌లో ఉన్న ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ, ఇంకా నైరోబీలోనే ప్రధాన కార్యాలయం ఉన్న అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ ఇల్రీ. ఇల్రీ అంటే మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌కి తోబుట్టువే, రెండూ సీజీఐఏఆర్ అనే ఒకే వ్యవసాయ పరిశోధన సంస్థల కుటుంబం. వీటన్నిటిలోనూ కొత్తవాళ్లకు దొరికేది ఎక్కువగా ప్రాజెక్టు డబ్బు. దాత ఆపితే పోస్టు పోతుంది. మొదటి నాలుగైదేళ్లు ఒక నెల నిండుగా, ఒక నెల ఖాళీగా గడుస్తుంది, పెన్షన్ అనే మాట మర్చిపోవాలి. పెళ్లి సంబంధాల వాళ్లు అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేక మీకు టెన్షన్ వస్తుంది, అది కూడా ముందే అనుకోండి.

పైకి రావాలంటే మూడు కావాలి. ఫ్రెంచ్ ఒకటి, పశ్చిమ ఆఫ్రికా సగం ఆ భాషలోనే నడుస్తుంది, ఇంగ్లిషూ ఫ్రెంచూ రెండూ వచ్చిన పశువైద్యురాలికి పోటీ బాగా తక్కువ. రెండోది డేటా: సర్వేలకు వాడే కోబో టూల్‌బాక్స్‌లో ఫారం తయారుచేయడం, ఎక్సెల్ దాటి ఆర్ (R) అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం. మూడోది, దీన్ని ఎవరూ చెప్పరు, పెద్ద అధికారిని నొప్పించకుండా "ఆ రికార్డు ఒకసారి చూపిస్తారా" అని అడగగలగడం, లేదన్నా రెండోసారి అడగగలగడం. మాస్టర్స్ సంగతి ఇప్పుడు వద్దు. ఎడిన్‌బరా యూనివర్సిటీలో జంతు సంక్షేమం, నైతికత, చట్టం మీద ఆన్‌లైన్ మాస్టర్స్ ఉంది, మంచిదే, కానీ రెండేళ్లు ఫీల్డు చూశాక చదివితేనే ఆ ఫీజుకి అర్థం.

సంతకం పెట్టే ముందు చూసుకోవాల్సినవి. ఆమె మీ డిపెండెంట్ పాస్ మీద ఉంటే దాంతో కెన్యాలో ఉద్యోగం చేయకూడదు, వర్క్ పర్మిట్ ఎవరు తీస్తారో, ఫీజు ఎవరిదో కాంట్రాక్టులో రాయించండి. చికిత్స చేయాలంటే కెన్యా వెటర్నరీ బోర్డు రిజిస్ట్రేషన్ కావాలి, సర్వేకి వెళ్లినప్పుడు జాలిపడి సూది తీయకూడదని గట్టిగా చెప్పండి. మన రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో లాప్స్ కానివ్వొద్దు. రేబీస్ టీకా, ప్రయాణ బీమా, రిపోర్టులో పేరు వేస్తారా లేదా, ఇవి అడిగితే తప్పేమీ లేదు. ఇంకొకటి: క్లయింటు నచ్చని విషయాన్ని మెత్తగా మార్చమంటే ఏం చేస్తారని కన్సల్టెన్సీ వాళ్లనే అడగమనండి. నీళ్లు నమిలితే ఆ కంపెనీ గురించి తెలిసిపోతుంది.

మీ వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ ఆలోచన తప్పు కాదు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, ఈ ఆరు నెలలు దానికి అడ్డు కావు, రాత్రి గంట చదువుకుంటే సిలబస్ మర్చిపోదు కూడా. పైగా గుడ్ల కోళ్ల పంజరాల మీద కేంద్రం 2023లో నిబంధనలు తెచ్చింది, గుడ్లలో ముందున్న ఆంధ్రాలో రేపు ఫారాలకు వెళ్లి కొలిచి చూడగలవాళ్లు కావాలి, అటు ప్రభుత్వంలోనూ ఇటు కంపెనీల్లోనూ.

నిర్ణయం తీసుకునే ముందు ఒక పని చేయించండి. నైరోబీలో డాగొరెట్టి కబేళాలు మీకు దగ్గరే. అనుమతి తీసుకుని ఒక ఉదయం వెళ్లి, పశువులు లారీ దిగే దగ్గర నిలబడి, కనబడింది లెక్కపెట్టి, ఇంటికొచ్చి రెండు పేజీలు రాయమనండి, అయ్యో పాపం లాంటి మాటలు లేకుండా. మీరు అకౌంటెంట్ కళ్లతో చదివి, ఈ అంకె ఎలా వచ్చిందని ప్రతి లైనుకీ అడగండి. మర్నాడు మళ్లీ వెళ్లి సరిచూసుకుని వస్తానంటే కాంట్రాక్టు మీద సంతకం పెట్టమనండి, లేదంటే తిరుపతికి టికెట్ బుక్ చేయండి.