పెద్ద టైర్లు వేయించాక స్పీడోమీటర్ తక్కువ చూపుతోంది, ఎలా సరిచేయాలి?

మీటరు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కిస్తుంది, అంతే. టైరు పెద్దదైతే చుట్టుకు బండి ఎక్కువ దూరం వెళుతుంది. 245/75 ఆర్16 సైజు టైర్లు తీసి 285/75 ఆర్16 సైజువి వేస్తే వ్యాసం 774 నుంచి 834 మిల్లీమీటర్లవుతుంది. లెక్కకు ముల్లు 80 మీద ఉంటే అసలు వేగం 86. కానీ కంపెనీ మీటర్లు సాధారణంగా కాస్త ఎక్కువే చూపిస్తాయి, అందుకే కాగితం లెక్కతో ఆగకండి. కావలి, ఒంగోలు మధ్య 16వ నంబరు జాతీయ రహదారిపై తిన్నని చోట వేగం నిలకడగా ఉంచి, పక్కనున్నవారిని ఫోనులో జీపీఎస్ వేగం చదవమనండి. ఆ తేడానే సరిచేయించాలి. కొత్త బండ్లు చాలావాటిలో మెకానిక్ దగ్గరుండే స్కానర్‌ను బండి కంప్యూటర్‌కు కలిపి, అందులోని టైరు కొలత మార్చవచ్చు. కుదరకపోతే వేగం సెన్సార్ వైరు మధ్యలో క్యాలిబ్రేటర్, అంటే మీటరుకు వెళ్లే సిగ్నల్‌ను సరిచేసే చిన్న పరికరం, పెట్టించండి. కేబుల్ మీటరైతే గేర్‌బాక్స్ దగ్గర కేబుల్‌ను తిప్పే చక్రాన్ని తక్కువ పళ్లున్న దానితో మార్పించాలి. అది పూర్తయ్యేదాకా, దయచేసి, ముల్లును నమ్మి వేగ పరిమితి అంచున నడపకండి.