పాత కంటైనర్ కారుతోంది, ‘ఏ గ్రేడ్’ అన్న మాట కోర్టులో నిలుస్తుందా?

ప్రశ్న: కోళ్ల దాణా దుకాణం నేనే నడుపుకుంటున్నాను. సరుకు నిల్వకు మార్చిలో విశాఖపట్నంలోని ఒక యార్డు నుంచి 20 అడుగుల పాత కంటైనర్ 1,30,000కు కొన్నాను. నా భార్య నగలు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు. ‘ఏ గ్రేడ్, విండ్ అండ్ వాటర్ టైట్’ అని వాట్సాప్‌లో రాస్తే, అది చూశాకే అడ్వాన్సు పంపాను. జూలై వానలకు పైకప్పు కారి బస్తాలు పాడైపోయాయి. ఒళ్లంతా సొట్టలు, తుప్పు. అడిగితే ‘బిల్లు మీద యాజ్ ఈజ్ (ఉన్నది ఉన్నట్టుగా) అని ఉంది కదా’ అంటున్నారు. మిగిలిన 30,000కు ఇచ్చిన చెక్కు ఆపేయనా? (ఒక పాఠకుడు, తణుకు)

జవాబు: నగల సంగతి కోర్టు అడగదు. మీ కేసు తేలేది ఆ మెసేజ్‌లోని రెండో మాట మీద. ‘ఏ గ్రేడ్’కు అందరూ ఒప్పుకున్న అర్థం లేదు, ఒక్కో యార్డుది ఒక్కో లెక్క. ‘విండ్ అండ్ వాటర్ టైట్’ అంటే మాత్రం గాలి, వాన లోపలికి రావని ఈ వ్యాపారంలో అందరికీ తెలుసు. సొట్టలు, పైపై తుప్పు ఉండవని ఆ మాట చెప్పదు. అందుకే వాటి గురించి ఫిర్యాదులో ఒక్క ముక్క రాయకండి, కారడం ఒక్కటే పట్టుకోండి. వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు తగ్గట్టే ఉండాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 15 చెబుతుంది. బేరం కుదిరాక వచ్చిన బిల్లు మీది ‘యాజ్ ఈజ్’ ఆ హామీని చెరిపేయదని మనం వాదించాలి. అవతలి వకీలు గట్టిగా పట్టుకునేది కూడా దాన్నే.

మీరు పంపిన బిల్లులో కంటైనర్ నంబరే లేదు! తలుపు మీద నాలుగు అక్షరాలు, ఏడు అంకెలతో కనిపిస్తూనే ఉంటుంది. లక్ష దాటిన వస్తువుకు అది రాయించుకోకపోతే ఎలా? ‘అది మేం అమ్మింది కాదు’ అంటే ఏం చూపిస్తారు? లారీ రసీదు, ఈ-వే బిల్లు, దించేటప్పుడు తీసిన ఫొటోలు వెతకండి. యార్డులోనే కంటైనర్ లోపలికెళ్లి తలుపులు మూయించుకుంటే చిల్లుల్లోంచి వెలుగు కనిపించేది. ‘చూసుకునే కొన్నారు’ అని వాళ్లు అనడానికి మీరే దారి ఇచ్చారు.

చెక్కు మాత్రం ఆపకండి. స్టాప్ పేమెంట్ పెట్టినా చెక్ బౌన్స్ కేసు, అంటే సెక్షన్ 138, వర్తిస్తుందని సుప్రీంకోర్టు ఏనాడో తేల్చింది. రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా పడొచ్చు. ఫిర్యాదు చేయాల్సిన మీరు ముద్దాయి అవుతారు. హక్కులు వదులుకోకుండా చెల్లిస్తున్నానని ముందే నోటీసులో రాసి, చెక్కు పాసవనివ్వండి.

ఆ చాట్ ఉన్న ఫోన్ మార్చకండి, ఏదీ డిలీట్ చేయకండి. దాన్ని దాఖలు చేయడానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. వెల్డర్‌ని ఇప్పుడే పిలవొద్దు. ముందు ఇంజినీరుతోనో సర్వేయరుతోనో పైకప్పు మీద నీళ్లు పోయించి, రిపోర్టు, నంబరు కనిపించే ఫొటోలు తీసుకోండి. ఆ తర్వాతే ప్యాచ్.

ఇన్ని నెలలు వాడుకున్నాక కంటైనర్ తిరిగి ఇచ్చేస్తాననడం కష్టం. రిపేరు ఖర్చు, పాడైన దాణా విలువ కోరుతూ స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి, దాణా కొన్న బిల్లులు జతచేయండి. జవాబు రాకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వ్యాపారానికి కొన్నవాళ్లు వినియోగదారులు కారన్న అభ్యంతరం వస్తుంది. అందుకే సొంతంగా నడుపుకునే దుకాణమని, అదే మీ జీవనాధారమని ఫిర్యాదులో స్పష్టంగా రాయించండి. గడువు రెండేళ్లు. జూలై నుంచి కాదు, కొన్న మార్చి నుంచే లెక్కేసుకోండి.