అరవై దాటాక సైకిలు: పాఠకుల ప్రశ్నలు, వైద్యుని జవాబులు

మోకాళ్ల అరుగుదల గురించి గత సంచికలో రాస్తూ, సైకిలు తొక్కడం మంచిదేనని ఒకే ఒక్క వాక్యం రాశాను. మిగిలిన రెండు పేజీలను వదిలేసి ఆ ఒక్క వాక్యం మీద విశాఖపట్నం నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మేము ఆరుగురు మిత్రులం. అందరం ఉద్యోగ విరమణ చేసినవాళ్లమే. వయస్సు 62 నుంచి 71 వరకు ఉంటుంది. వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున చినవాల్తేరులో బయలుదేరి, బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ దాకా సైకిళ్ల మీద వెళ్లి వస్తాము. గత నెలలో తిరిగి వస్తూ సాగర్‌నగర్ దగ్గరికి చేరేసరికి మాలో ఒకాయన మాట తడబడింది. సైకిలు దిగి రోడ్డు పక్కనే కూలబడిపోయారు. ఒళ్లంతా చెమట. ఆయనకు పదేళ్లుగా మధుమేహం ఉంది కాబట్టి బడ్డీ కొట్టులో ప్రత్యేకంగా చక్కెర లేని టీ పెట్టించి తాగించాము. ఆటోలో ఇంటికి చేర్చి, వారి శ్రీమతి ఇంత ఉప్మా తినిపించిన తరువాత గాని ఆయన తేరుకోలేదు. ఇప్పుడు పిల్లలు ఆయన సైకిలును మేడ మీద పెట్టి తాళం వేశారు. తప్పు సైకిలుదేనంటారా?
— విశ్రాంత ఉద్యోగి, చినవాల్తేరు

జవాబు: సైకిలుది కాదు, టీది. ఆయన మేలు కోరే మీరు చక్కెర వద్దన్నారు; కాని ఆ నిమిషంలో ఆయనకు కావలసిన మందు ఆ చక్కెరే. అప్పుడు రక్తపరీక్ష చేయలేదు కనుక రూఢిగా చెప్పడం సాధ్యం కాదు గాని, మీరు వర్ణించిన లక్షణాలన్నీ రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు కనిపించేవే.

సైకిలు తొక్కుతున్నప్పుడు తొడ కండరాలు రక్తంలోని గ్లూకోజును వేగంగా లాగేసుకుంటాయి, అందుకు ఇన్సులిన్ సాయం కూడా వాటికి పెద్దగా అక్కరలేదు. మధుమేహం ఉన్నవారికి ఈ వ్యాయామం మేలు చేసేది ఆ కారణంగానే. అయితే గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ సూది గాని తీసుకునేవారిలో మందు ఒక పక్క, కండరాలు మరొక పక్క చక్కెరను కిందికి లాగుతాయి. పైగా రాత్రి ఏడింటికి భోజనం ముగించి, తెల్లవారి ఖాళీ కడుపుతో సైకిలెక్కితే అడ్డుకునే దిక్కు ఉండదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో ఇలా జరగడం అరుదు. అందువల్ల మీ మిత్రుడు ఏ మాత్ర వాడుతున్నారో, ఎన్ని గంటలకు వేసుకుంటున్నారో ముందుగా కనుక్కోండి.

ఇది తిరుగు ప్రయాణంలో జరగడం కూడా కాకతాళీయం కాకపోవచ్చు. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. వేసవిలోను వానాకాలంలోను గాలి ఎక్కువగా నైరుతి నుంచే వీస్తుంది. రుషికొండ వైపు వెళ్లేటప్పుడు ఆ గాలి వీపు మీద చేయి వేసి నెడుతుంది గనుక ఈ రోజు ఒంట్లో సత్తువ బాగా ఉందని అనుకుంటారు. వెనక్కి తిరిగిన తరువాత అదే గాలి ముఖానికి కొడుతుంది, ఎండ కూడా ఎక్కుతుంది, పైగా జోడుగుళ్లపాలెం దగ్గర నుంచి తెన్నేటి పార్కు దాటేవరకు ఎత్తుపల్లాలు. ఒంట్లో శక్తి తరిగిపోయిన వేళకు అసలు కష్టం మొదలవుతుందన్నమాట. గాలి బలంగా ఉన్న రోజున రుషికొండ పట్టు వదిలిపెట్టి, సగం దూరం నుంచే వెనుదిరగడం మంచిది.

ఇకమీదట ఆయన బయలుదేరే ముందు ఇంట్లో వేలి చుక్కతో చక్కెర చూసుకోవాలి. అది 90 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉంటే ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో తిని కొంతసేపు ఆగిన తరువాతే సైకిలెక్కాలి. దారిలో తేడా చేసి, పరీక్షలో 70 కన్నా తక్కువ వచ్చినా, పరీక్షించే వీలు లేకపోయినా, మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగించండి. పావుగంట ఆగి చూసి, తేరుకోకపోతే మరొకసారి ఇవ్వండి. బిస్కెట్లలోను చాక్లెట్లలోను ఉండే కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది కాబట్టి ముందు అవి పెట్టకండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేయండి. తేరుకున్నాక ఏదైనా తినిపించి ఆటోలో ఇంటికి పంపాలి గాని, ఆ పూట మళ్లీ సైకిలు ఎక్కనివ్వకూడదు. గట్టిగా శ్రమపడిన రోజు రాత్రి కూడా చక్కెర పడిపోయే అవకాశం ఉందన్న సంగతి ఇంట్లోవారికి తెలియాలి.

చెమటను చూసి గుర్తుపడదామంటే మన ఊళ్లో అది కుదిరే పని కాదు. ఉక్కపోతలో ఆరోగ్యవంతుడి చొక్కా కూడా తడిసి ముద్దవుతుంది. గుండె దడ, చేతుల వణుకు కనిపిస్తాయని పుస్తకాల్లో ఉంటుంది గాని, రక్తపోటుకు అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారిలో ఆ రెండూ బయటపడకపోవచ్చు. అందుచేత మాటను గమనించండి. ఎప్పుడూ జోకులు వేసే మనిషి మౌనంగా ఉన్నా, నెమ్మదస్తుడు కారణం లేకుండా విసుక్కున్నా, చెప్పిందే మళ్లీ చెబుతున్నా సైకిళ్లు ఆపించండి. ఛాతీ బిగదీయడం, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకడం, ఆయాసం ఉంటే మాత్రం షుగరు తగ్గిందిలే అని సరిపెట్టుకోకుండా, ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయక ఆసుపత్రికి తరలించాలి.

మీ ఆరుగురిలో ఎవరు ఏ మందులు వాడుతున్నారో మిగిలిన ఐదుగురికీ తెలుసా? పాతికేళ్లు పక్కపక్క బల్లల మీద పనిచేసినవారికి కూడా ఇది తెలియకపోవడం నేను చూశాను. ఒక్కొక్కరి మందుల పేర్లు, ఇంట్లోవారి ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి, చక్కెర పొట్లంతో పాటు సీటు కింది సంచిలో పెట్టుకోండి. రక్తం పలచబడే మందు వాడేవారి చీటీలో ఆ మాట పెద్ద అక్షరాలతో ఉండాలి. వారి తలకు చిన్న దెబ్బ తగిలినా ఆసుపత్రికి తీసుకుపోవాలి, హెల్మెట్ లేకుండా వారిని మీ వెంట రానివ్వకూడదు. మాత్ర మోతాదు మార్చాలా, వేసుకునే వేళ మార్చాలా అన్నది ఆయన వైద్యుడు తేలుస్తారు. ఆ సంప్రదింపుకు తాళంచెవి ఉన్న అబ్బాయిని కూడా వెంటబెట్టుకు వెళ్లమనండి.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. సైకిలు మొదలుపెట్టి నెలయింది, మోకాలి చిప్ప చుట్టూ నొప్పి వస్తున్నది. రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేంత కిందికి సీటు దింపించుకున్నాను, పడిపోతానన్న భయం వల్ల. అయినా నొప్పి ఎందుకు వస్తున్నది?
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: ఆ కిందికి దింపిన సీటు వల్లనే. సీటు తక్కువ ఎత్తులో ఉంటే మోకాలు ప్రతి చుట్టుకూ మరీ ఎక్కువగా మడుచుకుంటుంది. ఆ మడతలో బలం పెట్టి తొక్కితే చిప్ప వెనుక భాగం మీద ఒత్తిడి పెరుగుతుంది. గోడను పట్టుకుని సీటు మీద కూర్చుని, పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి, దాని మీద మడమ ఆనించి చూడండి. అప్పుడు కాలు తిన్నగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు మడమకు బదులు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కనుక మోకాలిలో కొద్దిపాటి వంపు మిగులుతుంది. అది సరైన ఎత్తు. ఒక్కసారిగా కాకుండా వారానికి ఒక వేలెడు చొప్పున పెంచుకుంటూ పోండి.

పడిపోతానన్న మీ భయం న్యాయమైనదే. ఆగవలసి వచ్చినప్పుడు సీటు మీద కూర్చునే నేలను అందుకోవాలని చూడకండి. బ్రేకు వేస్తూ సీటు మీద నుంచి ముందుకు జారి ఒక కాలు దించండి. అడ్డ కడ్డీ లేని సైకిలు తీసుకుంటే ఇది ఇంకా సులువు. దానిని ఆడవాళ్ల సైకిలని ఎవరైనా ఎగతాళి చేస్తే చేయనివ్వండి, నేను ఎనిమిదేళ్లుగా దాని మీదే తిరుగుతున్నాను. గేర్లు ఉంటే తేలిక గేరులో త్వరత్వరగా కాళ్లు తిప్పండి. బరువు గేరులో కసిగా తొక్కడం మోకాలికి శిక్ష. కైలాసగిరి ఘాట్ రోడ్డును ప్రస్తుతానికి కింది నుంచే చూడండి. మోకాలు వాచినా, రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉన్నా సీటు మరమ్మతు చాలదు, ఎముకల వైద్యుడికి చూపించుకోవాలి.

ప్రశ్న: మా బృందంలో ఒకాయన కొత్తగా గేర్ల సైకిలు కొని, ఫోన్‌లో వేగం లెక్కలు చూపిస్తూ అందరినీ పరుగులు పెట్టిస్తున్నారు. వెనుకబడిన ఇద్దరు రావడమే మానేశారు. ఈ వయస్సులో ఎంత వేగం మంచిది?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, సీతమ్మధార

జవాబు: మాటలు ఆడగలిగి, పాట పాడలేనంత వేగం. వైద్యులు వాడే కొలత కూడా ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం శ్రమ కావాలి. అది రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు తొక్కినా సమకూరుతుంది. ఆ కొలత నిమిషాల్లో ఉంది, కిలోమీటర్లలో లేదు. బృందంలో అందరికన్నా నెమ్మదిగా తొక్కే మనిషిని ముందు నడవనివ్వండి. కొత్త సైకిలాయనకు వేగం మీద మోజు తీరకపోతే, వారంలో ఒక రోజు ఆయన ఒక్కరే భీమిలి దాకా వెళ్లి రావచ్చు.

అయితే అవే మార్గదర్శకాలు 65 దాటినవారికి, వారానికి కనీసం రెండు రోజులు కండరాల బలం పెంచే వ్యాయామం, మూడు రోజులు తూలిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామం కూడా ఉండాలని చెబుతున్నాయి. సైకిలు మీద శరీర భారాన్ని సీటు మోస్తుంది కాబట్టి ఎముకలు గట్టిపడడానికి అది పెద్దగా ఉపయోగపడదు. సైకిలు లేని రోజుల్లో నడవండి, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోండి. తొక్కి వచ్చి అందరూ కలిసి టిఫిన్ చేయడాన్ని నేను కాదనను. కాని అరగంట శ్రమతో ఖర్చయినదంతా ఒక ప్లేటు పూరీతో తిరిగి వచ్చేస్తుంది.

ప్రశ్న: సైకిలు దిగిన తరువాత కొంతసేపు కూర్చునే చోట తిమ్మిరిగా ఉంటున్నది. ప్రొస్టేట్ గ్రంథి కోసం పి.ఎస్.ఎ. అనే రక్తపరీక్ష కూడా చేయించుకోవాలి. సైకిలు మానేయాలా?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, గాజువాక

జవాబు: పూర్తిగా మానవలసిన పని లేదు. సీటు ముక్కు పైకి లేచి ఉందేమో చూసి, సమంగా గాని రవ్వంత కిందికి గాని వంచండి. మధ్యలో పల్లం గాని ఖాళీ గాని ఉన్న సీట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. మరీ మెత్తని స్పాంజి సీటు ఒత్తిడిని తగ్గించకపోగా పెంచుతుంది. పది నిమిషాలకొకసారి పెడల్స్ మీద లేచి నిలబడండి. అయినా తిమ్మిరి తగ్గకపోతే వైద్యుడికి చెప్పండి. రక్తపరీక్షకు ముందు రెండు రోజులు మాత్రం సైకిలు ఎక్కకండి, సీటు ఒత్తిడి వల్ల ఆ అంకె పెరిగి అనవసరమైన కంగారు పుట్టవచ్చు.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. చిన్నప్పుడు అన్నయ్యలకు సైకిలు ఇచ్చారు గాని నన్ను ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు నేర్చుకుంటానంటే మా వారు నవ్వుతున్నారు. నేర్చుకోవచ్చా?
— గృహిణి, మద్దిలపాలెం

జవాబు: నేర్చుకోవచ్చునమ్మా. ముందుగా ఎముకల సాంద్రత పరీక్ష ఒకటి చేయించుకోండి, ఎందుకంటే ఈ వయస్సులో స్త్రీలు పడినప్పుడు చేయి ఆనించి మణికట్టు విరగ్గొట్టుకోవడం సాధారణం. ఎముకలు మరీ గుల్లబారి ఉంటే మూడు చక్రాల సైకిలు మేలు. లేకపోతే కడ్డీ లేని చిన్న సైకిలు తీసుకుని, షాపులో రెండు పెడల్స్ విప్పించండి. పైన బ్యాంకు ఉద్యోగికి వద్దన్న పనినే మీకు చేయమంటున్నాను, అంటే సీటును పాదాలు పూర్తిగా నేలకు ఆనేంత కిందికి దించండి. చదునైన వీధిలో, బండ్లు తిరగని వేళ, కాళ్లతో నేలను నెట్టుకుంటూ పది పదిహేను రోజులు తిరగండి. నెట్టిన తరువాత రెండు పాదాలూ ఎత్తి, పది బారల దూరం తూలకుండా జారుకుపోగలిగిన రోజున పెడల్స్ బిగించుకోండి. చీర బదులు చుడీదారు వేసుకుని, చున్నీని ఇంట్లోనే వదిలి వెళ్లండి. చక్రంలో పడేది మొదట అదే. వెనుక నుంచి పట్టుకోవడానికి మీ వారిని పిలవవద్దు, ఈ పద్ధతిలో పట్టుకునేవారి అవసరం ఉండదు.